నీడకు చేరిన హద్దురాయి

రాజమ్మా,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నా. నువ్వు పోయి ఏడాదాయె, చదివేదెవరు? కానీ ఈ సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పేది?

హొసకోటె అవతలి పల్లెలో నువ్వు మనసుపడిన పెంకుటిల్లు ఉండాదే, దాన్ని కొనే ముందు సర్వే చేయించినా. నగర్తపేటలో నలభై ఏండ్లు గుడ్డ కొలిచి అమ్మినోణ్ణి. నిన్ను తప్ప దేన్నీ కొలవకుండా ఇంటికి తేలేదు. ఆ కథ ఇప్పుడొద్దులే.

సర్వేయరు గొలుసు పట్టి కొలిచి, తల గోక్కున్నాడు. హద్దురాయి ఎనిమిది అడుగులు పక్కింటామె స్థలంలోకి పోయి, పసుపు కుంకాలతో వేపచెట్టు కింద కూర్చోనుండాది. ఆ రాయిని నమ్మి కట్టిన వంటిల్లు, నీకు నచ్చిన తూర్పు కిటికీతో సహా, ఆమె స్థలంలోనే ఉండాది.

"దీన్ని ఎవరు జరిపినారమ్మా?" అన్నాడు సర్వేయరు.

"మా అత్త. సామి ఎండలో మాడిపోతాండాడని నీడకు తెచ్చింది" అనింది పక్కింటి ముసలామె.

"సామి కాదమ్మా, సర్కారు రాయి. పాత చోటే పాతాల."

"సామిని మళ్ళా ఎండకేస్తావా అప్పా? ఆ ఎనిమిదడుగులూ ఈయన్నే ఏలుకోమను. రాయి జోలికి మాత్రం రావద్దు."

వంటిల్లు లేని ఇల్లు నాకెందుకని లేవబోతున్నోణ్ణి, మళ్ళా కూర్చున్నా. నోటిమాట ఆమె కొడుకుల దాకా నిలవదని సర్వేయరే కాగితం తీసి రాసినాడు. ఆమె వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకొని, ఆవును పిండేదానికి పోయింది.