రెండు గిన్నెల నీళ్లు

రమణమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఉదయం కడప రన్‌వే దగ్గర చిన్న విమానానికి కొత్త తెర బిగించాను. ఇంజన్ ఆయిల్ వేడి ఇక ముల్లు మీద కాదు, ఆ తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. సరిచూద్దామని సెన్సర్‌ను మరిగే నీళ్లలో ముంచితే, వంద దగ్గర ఉండాల్సింది తొంభై ఆరే చూపించింది. అలా వదిలేస్తే ఇంజన్ మితిమీరి వేడెక్కినా గాల్లో ఉన్న పైలట్‌కు తెలియదు.

"బోరు నీళ్లు శానా ఉప్పు కదప్పా, దానికేమో?" అన్నాడు పైలట్.

నీ మాట గుర్తొచ్చింది. "ఈ నీళ్లలో పప్పు యాడ ఉడుకుతాది? స్టవ్వు విప్పింది చాల్లే, పోయి మంచినీళ్లు తేపో!" అనేదానివి. నేను మంటదే లోపమనేవాణ్ని.

మంచినీళ్లు తెప్పించి మరిగించాను. అప్పుడూ తొంభై ఆరే. లోపం నీళ్లలో లేదు, తెర సెట్టింగులో ఉంది. సరిచేశాక పైలట్ ఎగిరి క్షేమంగా దిగాడు.

మరి పప్పు సంగతేమిటని సాయంత్రం రెండు గిన్నెల్లో కందిపప్పు పెట్టాను. మంట ఒకటే, వేడీ ఒకటే. మంచినీళ్లలో మెత్తబడింది, బోరు నీళ్లలో పలుకుగానే ఉండిపోయింది. ఎందుకో నాకింకా అంతుబట్టలేదు.

నువ్వే గెలిచావు. పప్పు మాత్రం ఇద్దరికి సరిపడా పోశాను.