నా పదహారేళ్లప్పటి పేజీ తీసేయండి

లోడై, న్యూజెర్సీ
మార్చి 4, 2022

పాత పేజీల విభాగం అధికారి గారికి,

ఇలాంటి విన్నపాలు సంతకంతో టపాలోనే పంపాలన్నారు కనక రాస్తున్నాను. 2005లో మీ సైటులో నేను తెరిచిన పేజీ ఇంకా బతికే ఉంది. దయచేసి తీసేయండి.

అప్పట్లో మేం ఎమో పిల్లలం. నల్లబట్టలు, కంటికి కాటుక, సగం మొహం కప్పే జుట్టు, ఏడుపుగొట్టు పాటలు. ఫోటో కూడా చెయ్యి పైకెత్తి నెత్తిమీంచే తీసుకునేవాళ్లం. సంతోషంగా ఉన్నా ఎవరికీ చెప్పుకునేవాళ్లం కాదు. ఇప్పుడు నేను హైస్కూల్లో వైస్ ప్రిన్సిపాల్ని. మా పిల్లలకి ఆ వేషాలు మళ్లీ ముచ్చటేసి పాత పేజీలన్నీ తవ్వుతున్నారు. నిన్న ఒకమ్మాయి, "సార్, 'నా గుండె ఖాళీ పార్కింగ్ స్థలం' అని రాసింది మీరేనా?" అంది. కాదన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

భవదీయుడు,
ట్రెవర్ పెట్రోస్కీ

తా.క.: ఫోటోలో ఒక కన్నే కనిపిస్తుంది. రెండోది బాగానే ఉంది.

*

మార్చి 11

పెట్రోస్కీ గారికి,

పేజీ "నల్లకన్నీరు" పేరు మీద ఉంది. నల్లకన్నీరు మీరేననడానికి రుజువు లేదు. అప్పటి భంగిమలో, అప్పటి జుట్టుతో ఫోటో పంపగలరు. మీరు పెట్టుకున్న రహస్య ప్రశ్నకి జవాబు కూడా కావాలి. ప్రశ్న: "నన్ను అర్థం చేసుకున్నది ఎవరు?"

ఇట్లు,
ఎం. హాల్

తా.క.: కాటుక కనబడని కంటికి కూడా ఉండాలి.

*

మార్చి 19

హాల్ గారికి,

జవాబు: ఎవరూ లేరు. పదహారేళ్లవాడు ఇంకేం రాస్తాడండీ.

నాకిప్పుడు జుట్టు లేదు. నాటకాల గదిలోంచి విగ్గు తెచ్చుకుని, మా ఆవిడ కాటుక పూసుకుని, కారులో కూర్చుని ఫోటో తీసుకున్నాను. కిటికీలోంచి ఫుట్‌బాల్ జట్టంతా చూసింది, వాళ్లూ తీశారు. మధ్యాహ్నానికల్లా ఆ బొమ్మ ఊళ్లో అందరి ఫోన్లకీ చేరింది. కింద "సోమవారం స్టాఫ్ మీటింగ్" అని రాశారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని మెల్లగా అడిగారు.

మీ
ట్రెవర్ పెట్రోస్కీ

తా.క.: ఆ బొమ్మ మా అమ్మ నాకే పంపింది, "వీడెవడో అచ్చం నీలా ఉన్నాడు" అని.

*

మార్చి 26

పెట్రోస్కీ గారికి,

జవాబు తప్పు. ఫోటో కూడా అనుమానాస్పదంగా ఉంది. అందులో మీరు కాస్త సంతోషంగా కనిపిస్తున్నారు.

ఇక ఒకే దారి. మీ పేజీలో ఎనిమిదిమంది ఆప్తుల వరుస ఉంది. మొదటి స్థానం స్పైక్ అనే అతనిది. 2006 మే 9 దాకా అక్కడ వేరే పేరుండేది. ఆ పేరు, తీసేసిన కారణం రాయగలరు.

ఇట్లు,
ఎం. హాల్

తా.క.: చోటు చాలకపోతే కాగితం వెనక రాయండి.

*

ఏప్రిల్ 2

హాల్ గారికి,

ఆ పేరు మారిస్సా బెలూచీ. మీ రహస్య ప్రశ్నకి జవాబూ అదే అయ్యుంటుంది.

మా లోకంలో ఆ వరుసే సర్వస్వం. ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో స్కూలంతా పొద్దున్నే చూసుకునేది. మారిస్సాలా పసుపుపచ్చ స్వెట్టర్ వేసుకునే పిల్ల మొదట ఉంటే తన పాటల బృందంలోకి రానివ్వనన్నాడు స్పైక్. ఆమెని కిందికి దించను కూడా లేదు, ఏకంగా తీసేశాను. మర్నాడు భోజనాల హాల్లో ట్రే పట్టుకుని మా బల్ల దగ్గర నిలబడింది. నేను జుట్టు కళ్లమీదికి లాక్కుని చూడనట్టు కూర్చున్నాను.

కవితలకి సిగ్గుపడుతున్నానని మీకు రాశాను. అది అబద్ధం. ఆ వరుస చూడలేకే తీసేయమంటున్నాను.

ట్రెవర్

తా.క.: బృందంలో నాకిచ్చింది వైర్లు చుట్టే పని.

*

ఏప్రిల్ 9

ట్రెవర్‌కి,

జవాబు సరైనదే. నీ పేజీ ఈ ఉదయం తీసేశాను. ఫోటో పంపాలన్న నియమం మా ఆఫీసులో లేదు. కారణం రాయాలన్నదీ లేదు. హాల్ అనేది మా ఆయన ఇంటిపేరు. నీ ఉత్తరం నా బల్లమీదికే వచ్చేసరికి ఏడిపించాలనిపించింది, ఏడిపించాను.

నువ్వు చివర రాసింది చదివాక నాకూ సిగ్గేసింది. పదకొండేళ్లుగా అందరి పేజీలూ తీసేస్తున్నాను. నా పేజీలో మొదటి పేరు మాత్రం ఇంకా నీదే. దాన్ని తీసెయ్యడానికి నన్ను రుజువులడిగేవాళ్లెవరూ లేరు. అయినా చెయ్యి రాలేదు.

మారిస్సా

తా.క.: ఇవాళ నిన్ను ఎనిమిదో స్థానానికి దించాను. మళ్లీ పైకి రావాలంటే ఉత్తరాలతో కుదరదు. ఎదురుగా వచ్చి చెప్పాలి.