ఇల్లుటం వచ్చిన డేటాబేస్

మంగళవారం

మా వీధి మరమగ్గాల షెడ్ల కోసం మా ఆయన తయారుచేస్తున్న వెబ్ అప్లికేషన్‌లో, ఏ మగ్గానికి ఏ బీము, అంటే పడుగు నూలు చుట్టిన రోలరు, ఎక్కిందో పనివాళ్లే ఫోన్‌లో రాస్తారట. ఆ రాతలన్నీ దాచేది డేటాబేస్. అది ఎక్కడ ఉంటుందని ఈరోజు చాయ్ ఇస్తూ అడిగాను.

"రెండు తీర్లు. ఒకటి ప్రోగ్రాంలనే ఉంటది, దానికి వేరే ఇల్లు అక్కర్లేదు. ఇంకోటి సర్వర్. వేరుగ ఉంటది, ఎవలు పిలిచినా పలుకుతది," అన్నాడు.

"మొదటిది ఇల్లుటం వచ్చినట్టా?" అనేశాను.

పక్కనే ఉన్న మా బాపు పగలబడి నవ్వాడు. "గట్లయితే మా అల్లుని లెక్కనే!"

పెళ్లయ్యాక మా ఇంటికే ఇల్లరికం వచ్చి ఉంటున్న మనిషి ముందు ఆ మాట ఎందుకన్నానో. ఆయన నవ్వలేదు.

మాట మార్చాలని, ఏది మంచిదని అడిగాను. మొదటిది సులువట. కానీ ఒకరు రాస్తుంటే తక్కినవాళ్లు ఆగాలట.

"మరి షిఫ్టు మారినప్పుడు అన్ని షెడ్లోళ్లు ఒక్కసారే రాస్తరు గదా?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. ఏడో తరగతితో బడి మానేసిన నన్ను అలా చూడటం ఇదే మొదటిసారి.

"నిజమే. వేరుగ ఉండుడే మంచిది," అన్నాడు.

ముందు పొంగిపోయాను. వంట చేస్తుంటే అనుమానం మొదలైంది. డేటాబేస్ గురించే అన్నాడా, మా కాపురం గురించా? సూటిగా అడగాలంటే సిగ్గు, భయం కూడా. రేపు బాపు షెడ్డుకు పోయాక, సర్వర్‌కు ఇల్లు ఎక్కడ చూశావని అడుగుతాను. ఏ ఇంటి సంగతి చెబుతాడో...