టిఫిన్ డబ్బాలో సాక్ష్యం

కండ్లకోయ హాస్టల్,
సోమవారం

మహారాజశ్రీ పెద్దబాపు సిద్దిరాములు గారి పాదాలకు తమ్ముని కొడుకు హేమచంద్ సాగిలపడి రాయునది.

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంలో రాస్తున్న దానికి, ఇకముందు రాయబోయే దానికి, రాయకుండా లోలోపల నవ్వుకోబోయే దానికి కలిపి ఒకేసారి క్షమాపణ. మేడ్చల్ హైవే మీద ట్రాఫిక్కు, శామీర్‌పేట చెరువు మీద దోమలకు, మీ పక్క ప్లాటువాడు గోడ జానెడు ఇవతలికి కట్టినందుకు, చివరికి మీ కడుపు ఉబ్బరానికి కూడా నేనే బాధ్యుణ్ని. నిజానికి వీటిలో ఒక్కటీ నేను చేయలేదు. కానీ నిన్న ఫోన్లో మీరు "నువ్వు గూడ వాళ్లల్ల కలిసినవారా?" అని అడిగి, జవాబు వినకుండా కట్ చేశారు. నేరమేమిటో తెలిసేదాకా అన్నిటికీ క్షమాపణ చెప్పి ఉంచడం మంచిదని నా అభిప్రాయం.

ఇక అసలు సంగతి. అత్వెల్లి మీదుగా వచ్చే మా కాలేజీ బస్సు డ్రైవర్ కుర్మయ్యన్న ఈ పొద్దున నాకు మూడు గిన్నెల టిఫిన్ డబ్బా ఇచ్చాడు. పై గిన్నెలో మాంసం తునకల కూర, నడిమి గిన్నెలో బగారన్నం, అడుగు గిన్నెలో ఒక చీటీ. నా పద్ధతి తమకు తెలుసు: ముందు తింటాను, తర్వాత చదువుతాను. హాస్టల్లో ముందు చదువుతూ కూర్చుంటే పక్క రూమువాళ్లు చదవకుండానే తింటారు. చీటీలో "తిన్నంక ఎట్లున్నవో రాయి, ఫోన్ చెయ్యకు" అని ఉంది.

పెద్దబాపూ, బాగున్నాను. చాలా బాగున్నాను. కానీ ఈ ప్రశ్న ఎందుకు?

తమ ఆజ్ఞకు కట్టుబడిన
హేమచంద్

తా.క.: కూర ఇంకొంచెం ఉండి ఉంటే ఇంకా కచ్చితంగా చెప్పగలిగేవాణ్ని.

---

అత్వెల్లి,
మంగళారం

చిరంజీవి హేమచందుకు పెద్దబాపు దీవించి రాసేది.

బిడ్డా, ఫోన్ల ముచ్చట బంద్. పోయిన ఎలక్షన్లప్పుడు నేను నా దోస్తు మన్నాన్ తోని మాట్లాడింది ఎవడో రికార్డు జేసి ఊరి వాట్సాప్ గ్రూపుల ఏసిండు. అండ్ల నా మాటలకంటె నా తేన్పులే ఎక్కువున్నయి. అప్పటిసంది కాయితాన్నే నమ్ముతున్న. మొన్న ఆగలేక నీకు ఫోన్ జేసి, గిది యాదికొచ్చి కట్ జేసిన.

సంగతేందంటె, నా కడుపుల ఎవరో మందు పెట్టిండ్రు. నవ్వకు. పొద్దుగాల లేసేటాల్లకు కడుపు సాపుగ ఉంటది. బువ్వ తిన్నంక డోలు లెక్క ఉబ్బుతది, అంగి గుండీలు పట్టయి. మెలివెట్టినట్టు నొప్పి. దొడ్డికి పోయొస్తె జర నిమ్మలం, మల్ల సురువు. ఒక వారమంత ఉరుకుడే ఉరుకుడు, ఇంకో వారమంత కూసుండి కూసుండి కాళ్లు తిమ్మిర్లెక్కుడు. ప్లాటు రిజిస్ట్రేషన్ ఉన్ననాడైతె సంతకం యాడ పెట్టాల్నో తర్వాత, బాత్రూం యాడున్నదో ముందుగాల అడుగుతున్న.

దవాఖానకు పోలేదా అంటవు. పోయిన. రక్తం దీసిండ్రు, స్కానింగు జేసిండ్రు, కిందికెళ్లి కెమెరా గూడ తోలిండ్రు. గంత మర్యాద దీసి, ఆఖరికి అన్నీ నార్మల్ అన్నరు. ఇగ నువ్వే జెప్పు! నొప్పి ఉన్నది, మిషన్ల కనబడుతలేదు. మిషన్ల కనబడంది ఏముంటది? పెట్టుడు మందే. బువ్వల కలిపి పెడ్తరు, కడుపుల గడ్డగట్టి కూసుంటది, మనిషిని పీల్సి పిప్పి జేస్తది.

గందుకే నిన్ను పట్టుకున్న. నేను యాడ తింటనో ఆడి కూర నీకు తోలుత. నీ కడుపు ఉబ్బితె దొంగ దొరికినట్టే. సదువుకున్నోనివి, సరింగ రాయి.

ఇట్లు
నీ పెద్దబాపు

తా.క.: సదివినంక చింపెయ్. నిన్నటి కూర మీ పెద్దమ్మది.

---

కండ్లకోయ,
శనివారం

సిద్దిరాములు గారి సన్నిధికి, వారి ఆస్థాన విషపరీక్షకుడు సమర్పించు నివేదిక.

అయ్యా, ఈ వారం నా ముందుకు వచ్చిన అనుమానితులు: పెద్దమ్మ తునకల కూర, మన్నాన్ చాచా ఇంటి ఖీమా, మీరు పోయిన పెళ్లిలో వంకాయ కూర. అందరినీ ఒక్కొక్కరుగా లోపలికి పిలిచి విచారించాను. నా కడుపు ఉబ్బలేదు. పక్క రూమువాడి మొహం మాత్రం ఉబ్బింది, వాడికి పెట్టలేదని.

ఒక చిన్న సందేహం. పెట్టుడు మందు మనిషిని పీల్చేస్తుందన్నారు. పోయిన పండక్కి తమరు బెల్టుకు మేకుతో కొత్త రంధ్రం పొడవడం నేను కళ్లారా చూశాను. అది బయటివైపు పొడిచారు.

మన్నాన్ చాచా బిడ్డ సుమేరా ఇప్పుడు మేడ్చల్‌లో డాక్టరు కదా. ఆ రిపోర్టులన్నీ ఒకసారి ఆమెకు చూపించవచ్చు కదా?

విధేయుడు
హేమచంద్

తా.క.: దోషి దొరికేదాకా పరీక్షలు ఆపవద్దు. న్యాయం కోసం ఎంతైనా తింటాను. రేపు ఆదివారం, చేపలను కూడా అనుమానించవచ్చు.

---

అత్వెల్లి,
గురువారం

హేమచందుకు పెద్దబాపు రాసేది.

నీకేం గాలేదంటె దాని అర్థమేందో సమజైందా? మందు నా ఒక్కని పేరు మీదనే చేసిండ్రు! నా పేరు, నా నక్షత్రం ఎరికున్నోళ్లు, రోజు నా కంచంల చెయ్యి పెట్టేటోళ్లు ఎవరు? చెప్పాల్నంటె నోరు రాకున్నది. మీ పెద్దమ్మ ఈ నడుమ నాతోని కొట్లాడుతనే లేదు. ఉప్పు తక్కువైందంటె మాట్లాడకుంట ఉప్పు తెచ్చి పెడుతాంది. ముప్పై ఏండ్ల కాపురంల ఎన్నడన్న గట్ల జేసిందా?

అందుకే ఇంట్ల తినుడు బంద్ వెట్టిన. మేడ్చల్ల బండి మీది మిర్చి బజ్జీలే తింటున్న. విషానికి పాలు ఇరుగుడు గదా, మన్నాన్ బర్రెల పాలు పొద్దుగాల ఒక చెంబు, పొద్దుగూకి ఒక చెంబు తాగుతున్న. ఎంత తాగితె గంత ఉబ్బుతాంది. అంటె లోపట పాలకు, మందుకు జోరుగ కొట్లాట నడుస్తాందన్నట్టు.

మొన్న మీ పెద్దమ్మ బువ్వ పెడితె, ఎనుకకు తీస్కపోయి కుక్కకు ఏసిన. ఏసి, దాని మొకం దిక్కే జూసుకుంట కూసున్న. ఆమె తలుపు కాడ నిలవడి సూస్తాందని నాకేం ఎరుక? బ్యాగు సదురుకోని మచ్చ బొల్లారం చెల్లె ఇంటికి పోయింది.

ఇల్లు గుయ్యిమంటాంది బిడ్డా.

ఇట్లు
పెద్దబాపు

తా.క.: కుక్క మంచిగనే ఉన్నది. ఇగ మనింటి కాన్నే ఉంటాంది.

---

కండ్లకోయ,
ఆదివారం

పెద్దబాపుకు హేమచంద్ నమస్కరించి రాయునది.

ఈసారి హాస్యం తక్కువ. ఇవాళ మచ్చ బొల్లారం పోయి పెద్దమ్మను చూసి వచ్చాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నా మొహం చూడకుండా చెప్పింది: "నొప్పితోని మెలికలు తిరుగుతున్న మనిషితోని ఏం కొట్లాడుదునురా? ఊకున్న. ఊకున్నందుకు దొంగనైన. అనుమానముంటె నన్ను అడగొచ్చు గద? కుక్కను అడిగిండు."

నేను కూడా నాలుగు చిక్కుడుకాయలు అందుకొని ఈనెలు తీశాను. ఆమె షరతు ఇది: "మందు గిందు ఏం లేదని తేలాలె. తేలినంక ఆయనే రావాలె. మా చెల్లె ముంగట, మరిది ముంగట నా చేతి ముద్ద తినాలె. లేకుంటె నేను రాను." వచ్చేటప్పుడు మోదుగాకులో చుట్టిన వాము ఉండలు నా జేబులో పెట్టింది. అల్వాల్ దాటేలోపు అవి లేవు.

దారిలో మన్నాన్ చాచాను కూడా కలిశాను. మీ చిన్ననాటి దోస్తు వాంగ్మూలం ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అరే, సిద్దూ కడుపు పదో తరగతి సంది గంతే! లెక్కల పరీక్షల మాటిమాటికి బయటికి ఉరికిండు. కాపీ కొడుతుండని సార్లు పరేషాన్. కాపీ గొడితె పాసైతుండె గదా! పెండ్లినాడు సుత పీటల మీదికెళ్లి లేసి ఉరికిండు. అయ్యగారు తాళి పట్టుకోని నిలబడ్డడు."

పెద్దబాపూ, తాళి కట్టకముందు, మీ మొహం కూడా సరిగా చూడకముందు, పెద్దమ్మ మీకు మందు ఎట్లా పెట్టింది?

హేమచంద్

తా.క.: మీరు కుక్కకు వేసింది దొండకాయ వేపుడట. ఆ సంగతి విని నాకు నిజంగా బాధేసింది.

---

అత్వెల్లి,
బుధారం

హేమచందుకు రాసేది.

నీ ఉత్తరం సదివి నిద్ర పట్టలే. ఎటూ తేల్చుకోలేక, శామీర్‌పేట అవతల మందు దీసే అవ్వ ఉన్నదంటె పోయిన. మీ పెద్దమ్మ పోయేముందు ఇస్త్రీ జేసి పెట్టిన తెల్లంగి ఏస్కోని పోయిన. అవ్వ అంగి ఇప్పమంటె ఇప్పి ఆమె చేతికే ఇచ్చిన. పండవెట్టి, కడుపు మీద పసుపు రుద్ది, కండ్లు మూసుకొమ్మని, పిడికిలి బిగవట్టి ఒక్క గుంజు గుంజింది. కండ్లు దెరిస్తె ఆమె చేతుల నిమ్మకాయంత నల్ల ముద్ద! దానికి ఒక ఎంటిక! నా కండ్లతోని సూసిన.

పానం తేలికైంది. మర్నాడు పాలు తాగేదాన్క మంచిగుండె.

ఇగ ఇది నీ చేతుల పెడుతున్న. మీ కాలేజీల ల్యాబు ఉంటది గదా, పరీక్ష జేయించు. మందని తేలితె మీ పెద్దమ్మను తెచ్చుకునేది లేదు. కాదని తేలితె నేనే మచ్చ బొల్లారం పోత, గామె ఏమంటె గది చేస్త. నా సంసారం నీ రిపోర్టు మీద ఉన్నది.

ఇట్లు
పెద్దబాపు

తా.క.: పై గిన్నెలల్ల మన్నాన్ ఇంటికాంచి వచ్చిన మక్క గారెలు ఉన్నయి, తిను. ముద్దను మోదుగాకుల చుట్టి అడుగు గిన్నెల పెట్టిన. దాన్ని ముట్టుకోకు.

---

కండ్లకోయ,
బుధవారం సాయంత్రం

పెద్దబాపు గారికి అత్యవసరంగా రాయునది.

సాక్ష్యం చేరవలసిన చోటికి చేరింది. వెచ్చని, చీకటి గదిలో, గాఢమైన ఆమ్లాల నడుమ పరీక్ష అప్పటికే మొదలైపోయింది. ఇప్పుడు ఆపుదామన్నా ఎవరి చేతిలోనూ లేదు.

ఫలితం వచ్చేదాకా తమరు పాటించవలసిన ల్యాబు నియమాలు: పాలు బంద్. బజ్జీలు బంద్. రిపోర్టులన్నీ పట్టుకొని డాక్టర్ సుమేరా దగ్గరికి పోవాలి. పోకపోతే పరీక్ష చెల్లదు.

ఆందోళనతో
హేమచంద్

తా.క.: ఆ అవ్వ దగ్గర అలాంటివి ఇంకా ఉన్నాయా? ల్యాబుకు ఒక్కటి చాలడం లేదు.

---

అత్వెల్లి,
శనారం

చిరంజీవి హేమచందుకు పెద్దబాపు రాసేది.

సుమేరా కాడికి పోయిన. నా ఒళ్లె ఆడిన పిల్ల, ఇయ్యాల నా కడుపు ఒత్తి సూస్తాంది. రిపోర్టులన్నీ నిమ్మలంగ సదివింది. రక్తం పడుతాందా, బరువు తగ్గిన్రా, జరమొస్తాందా, నొప్పి నిద్రల లేపుతాందా అని అడిగింది. ఏదీ లేదన్న. అప్పుడు నా చెయ్యి పట్టుకోని "మీ నొప్పి నిజమే చాచా" అన్నది. బిడ్డా, గా మాటకు నాకు కండ్లల్ల నీళ్లు దిరిగినయి. ఇప్పటిదాన్క అందరు "ఏం లేదు" అన్నోళ్లే.

దీన్ని ఐబీఎస్ అంటరంట. పేగుల పుండు లేదు, గడ్డ లేదు, గందుకే మిషన్ల కనబడది. కని పేగుకు రోషం ఎక్కువ. జరంత గాలి జేరినా ఊరంత దండోరా ఏస్తది. మెదడుకు, పేగుకు నడుమ ఎప్పుడు ఫోన్ నడుస్తనే ఉంటదంట, నా లెక్క కట్ చేసుడు ఉండదంట. నాకు గుబులైతె పేగు ఇంటది, పేగు గుంజితె నాకు ఇంకింత గుబులైతది. పానం తీసే రోగం గాదు, ఒక్కనాటికి పోయేది గాదు, మచ్చిక జేసుకోవాలె అన్నది. యాళ్లకు తినాలె, రోజు నడవాలె, ఏది పడ్తలేదో కనిపెట్టాలె. కొందరికి పాలతోని ఉబ్బుడు ఎక్కువైతదంట, మానేసి సూడుమన్నది. నీ ల్యాబు చెప్పి మాన్పిచ్చిందని చెప్తె, "మంచి ల్యాబే చాచా" అని నవ్వింది. నిజంగనే జర తగ్గింది. మందులు సుత రాసిచ్చింది.

కని గా నల్ల ముద్ద? అది నా కండ్లతోని సూసిన గద. దాని లెక్క తేలందే మచ్చ బొల్లారం ఏం మొకం పెట్టుకోని పోవాలె? రిపోర్టు జల్దీ తోలు.

ఇట్లు
నీ పెద్దబాపు

తా.క.: కుక్క ఇప్పుడు నేను తినేదాన్క తింటలేదు. నా మొకం దిక్కే జూసుకుంట కూసుంటాంది.

---

కండ్లకోయ,
సోమవారం

పెద్దబాపు గారి పాదాలకు హేమచంద్ మరోసారి, ఈసారి నిజంగానే, సాగిలపడి రాయునది.

తుది నివేదిక. ముద్దలో ఉన్నవి: చింతపండు, బెల్లం, వాము, చిటికెడు ఉప్పు, నేతి వాసన. విషం లేదు. పరీక్ష చేసిన మనిషి అయిదు రోజులుగా నిక్షేపంగా ఉన్నాడు, రెండుసార్లు క్రికెట్ కూడా ఆడాడు.

తయారుచేసిన వారు: శ్రీమతి మనోరమ, అంటే మా పెద్దమ్మ. కంగారుపడకండి, మొత్తం చదవండి. ఆ రుచి నేను పోయిన ఆదివారమే, మచ్చ బొల్లారం నుంచి వచ్చే దారిలో ఎరుగుదును. అనుమానం తీరక నిన్న మళ్లీ పోయి అడిగాను. ఏమన్నదో వినండి: "కడుపుబ్బరానికి మంచిదని రోజు ఆయన అంగి జేబుల ఒక వాము ఉండ ఏసేదాన్ని. ఒక్కనాడన్న జేబుల చెయ్యి పెట్టి సూసిండా? ఉతికేటప్పుడు నేనే తీసేది. పోయిననాడు సుత, కోపంల ఉండి గూడ, ఇస్త్రీ అంగిల ఏసే పోయిన."

ఆ అంగి విప్పి మీరు ఎవరి చేతికి ఇచ్చారో మీకు గుర్తుంది. ఆ అవ్వకు చెయ్యి పెట్టడం తెలుసు. కడుపులోకి కాదు, జేబులోకి.

పెద్దబాపూ, పెద్దమ్మ దొంగతనంగా పెట్టింది ఇదే. ఆదివారం మచ్చ బొల్లారంలో భోజనం. చిక్కుడుకాయ కూర, జొన్నరొట్టె, పాలు ఉండవు. సుమేరా చెప్పినట్టు ఎప్పుడు తింటారో, ఎంత తింటారో అన్నీ కనుక్కొని మరీ వండుతోంది. కుక్కను తీసుకురావద్దు.

తమ
హేమచంద్

తా.క.: వెంట్రుకను ఆకులో చుట్టి తిప్పి పంపుతున్నాను. పూర్తిగా తెల్లది. పెద్దమ్మ జుట్టుకు గోరింటాకు పెడుతుంది కాబట్టి, ఇది ఆ అవ్వ కానుక. మీరు ఆ ముద్ద నోట్లో వేసుకోకుండా ల్యాబుకు పంపారని పెద్దమ్మకు చెప్పలేదు. ఆయన జేబులోది ఎవరో ఒకరు ఇష్టంగా తిన్నారని మాత్రం చెప్పాను. మొదటి ఉత్తరంలో నేను చేయని నేరాలన్నిటికీ క్షమాపణ అడిగాను. నేను నిజంగా చేసింది ఒక్కటే: మా కాలేజీ ల్యాబు తలుపు దగ్గరికి కూడా నేను పోలేదు. ఆ బుధవారం కూడా నేను ముందు తిన్నాను, తర్వాత చదివాను.