చిలకలగూడ చేలో దిగిన విమానం

చిలకలగూడ,
అక్టోబరు 1948.

విమానాల కచేరీ అధికారి దేవసహాయం గారికి, రిటైరైన లెక్కల పంతులు బ్రహ్మచారి నమస్కారం.

దసరా వెళ్లిన వారం మీ చిన్న విమానం ఒకటి నా చేలో దిగింది. దిగుతుండగా ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే చీల విరిగి, అలిసిన ఎద్దులా ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. నడిపిన కుర్రవాడికి దెబ్బ తగల్లేదు. మా చేలో పనిచేసే నూర్‌బీ ఇచ్చిన మజ్జిగ తాగి, "తాతా, జెర చూస్తుండు, గంటల వస్త" అని వెళ్లాడు. ఆ గంట ఇంకా కాలేదు కాబోలు.

పల్లికాయ పీకించి, దున్నించి, చదునుకు పలక తోలించి శెనగలు చల్లబోతున్నాను. నేలలో ఈ పదును ఆరితే ఈ ఏటికి పంట లేదు. నా పింఛను ఏ ప్రభుత్వం ఇస్తుందో తేలలేదు గనుక ఆ శెనగలే నాకు దిక్కు. యూనియన్ సైన్యం ఐదు రోజుల్లో నిజాం రాజ్యాన్నే పట్టుకుంది. ఒక విమానాన్ని పక్కకు జరపడానికి మీకు అంతకంటే ఎక్కువ పట్టకూడదు.

ఇట్లు,
బ్రహ్మచారి

తా.క.: పక్కచేను వీరయ్య కోడి మీ విమానం సీట్లో గుడ్లు పెట్టి పొదుగుతోంది. గ్రంథాలయ ఎన్నికల్లో నన్ను ఓడించినప్పటి నుంచి నా గట్టు దాటడానికి వాడికి సాకు దొరకలేదు. ఇప్పుడు మీరిచ్చారు.

సికింద్రాబాదు,
నవంబరు 1948.

శ్రీ బ్రహ్మచారి గారికి, దేవసహాయం నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం మా పాత కచేరీకి వచ్చింది. అది రద్దయినందున కొత్త కచేరీకి పంపాం. గది అదే, కుర్చీ అదే, ముద్ర మారింది. ఆలస్యం అందుకే.

మీ చేను ఎగుడుదిగుడుగా ఉన్నందువల్లే చీల విరిగిందని పైలట్ వాంగ్మూలం ఇచ్చాడు. చేనును చదునుగా ఉంచనందుకు సంజాయిషీ పంపగలరు. అంతదాకా విమానాన్ని కదపరాదు, విత్తనాలు చల్లరాదు.

విధేయుడు,
దేవసహాయం

తా.క.: గుడ్లు కూడా కదపరాదు. అవి విచారణలో ఉన్నాయి.

చిలకలగూడ.

దేవసహాయం గారికి, ఈసారి నమస్కారం కొంచెం తక్కువ.

ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. అనేక దేశాల చరిత్రలు చదివాను. రాజ్యాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో తగిలారు గాని, నేలదే తప్పన్నవాడు మీ పైలట్ ఒక్కడే.

నా చేను ఆరువందల గజాల పొడవు. అడ్డంగా చెట్టు లేదు, బావి లేదు. ఎంత వాన పడినా నీరు నిలవదు. గాలి పడమటి నుంచి తిన్నగా వీస్తుంది. ఉంచిన గోలీ ఉంచినచోటే ఉంటుంది. విమానం చూసిపోవడానికి వచ్చిన మీ జవానుతో నూర్‌బీ ఏమన్నదో అడగండి: "మా పెద్దసారు చేన్ల నిండు చెంబు నెత్తిన వెట్టుకొని ఉర్కినా చుక్క కారది. మీ బండే పాతది సాబ్, మా చేనును ఎందుకు తిడ్తరు?"

ఎగుడుదిగుడు చూడాలంటే వీరయ్య చేను చూడండి. గ్రంథాలయం నడపడం ఎంత వచ్చో, వాడికి దున్నడమూ అంతే వచ్చు. అక్కడ మేక కూడా చూసుకుని దిగుతుంది. మీ చీల తుప్పుపట్టింది. మిగిలిన ముక్క నా చేతిలోనే ఎండు రొట్టెలా విరిగింది.

పదును ఆరిపోవచ్చింది. త్వరగా రండి.

బ్రహ్మచారి

తా.క.: గుడ్లు పిల్లలయ్యాయి. కదలవద్దని వాటికి మీరే వచ్చి చెప్పండి.

సికింద్రాబాదు.

మాన్యులు బ్రహ్మచారి గారికి, దేవసహాయం అనేక నమస్కారాలు.

మీ సంజాయిషీని పైఅధికారులు రెండుసార్లు చదివించుకున్నారు. తప్పు చీలదేనని, మీ చేనుది ఎంతమాత్రం కాదని తీర్మానించాం. అంత పొడవు, చదును, నీరు నిలవని నేల, తిన్నని గాలి మా మైదానానికే లేవు. కాబట్టి ఆపదలో విమానాలు దిగే మైదానంగా మీ చేనును తీసుకుంటున్నాం. ఇక అక్కడ ఏమీ విత్తరాదు.

వీరయ్య గారి చేను కూడా మా పరిశీలనలో ఉండింది. మీ ఉత్తరం చూశాక వదిలేశాం. ఆయన నిన్ననే శెనగలు చల్లారు. మీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు.

విధేయుడు,
దేవసహాయం

తా.క.: మీ చేలోని విమానం శుక్రవారం ఎగిరి, శనివారం మళ్లీ అక్కడే దిగుతుంది. కొత్త చీల రాలేదు. పాతదాన్నే అతికించాం. కోడిపిల్లలను ఇప్పుడు కదపవచ్చు.