గుంట పూడ్చి కదలాలి

రౌలండ్, 18 జనవరి 1987

ఒసే ఓస్నే,

నీ ఉత్తరం చేరింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు ఎక్కడెక్కడ పడ్డావో రాశావు. మిగిలిన అరపేజీలో ఒంట్లో ఎలా ఉంది నానమ్మా అని అడిగావు. డెబ్భై ఐదేళ్ళ నా ఒంటి కంటే ఇరవై రెండేళ్ళ నీ ఒళ్ళే ఎక్కువ కమిలినట్టుంది గనుక నా సంగతి వదిలెయ్.

వాన తప్ప మరొకటి కురవని బెర్గెన్‌లో పెరిగావు. ఇప్పుడు కొండ స్కీలు కొనుక్కుని, స్నేహితులతో మంచుకొండకు వెళ్ళి, ఎక్కేటప్పుడు అందరికంటే ముందు నడిచి, దిగేటప్పుడు వాళ్ళు కాఫీ తాగి కప్పులు కడిగేశాక చేరావన్నమాట. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎక్కడానికి ఊపిరి చాలు. దిగడానికి బుద్ధి కావాలి. మన స్కీలు పొడుగ్గా, సన్నగా, మడమ వదులుగా ఉంటాయి. ఊళ్ళో తీగకు వేలాడే కుర్చీల్లో కూర్చుని పైకి వెళ్ళి, మడమలు బిగించుకుని జారే వెడల్పు పలకలు కావవి. వాటికి పోట్లాట పనికిరాదు, బుజ్జగించాలి.

ముప్పై ఎనిమిదేళ్ళు బడిపిల్లలకు చెప్పిందే నీకూ చెబుతాను. మోకాళ్ళు మెత్తగా ఉంచు. బిగదీసుకున్న మోకాలు నిన్ను మోయదు, విసిరేస్తుంది. కళ్ళు స్కీ మొనల మీద పెట్టకు, వెళ్ళబోయే చోట పెట్టు. మొనలు ఎక్కడికీ పారిపోవు. నేల ఎగుడుదిగుడుగా కనిపిస్తే ఒక పాదం ముందుకు జరిపి, రెండోది వెనక మోకాలు వంచి ఉంచు, బరువు రెంటి మీదా సమంగా వెయ్యి. దారి ఇరుకై రెండు స్కీలూ వెడంగా పెట్టడానికి చోటు లేనప్పుడు ఒకదాన్ని జాడలోనే ఉంచి, రెండోదాని మడమను బయటికి తోసి లోపలి ఉక్కు అంచు మీద నొక్కు. అప్పటికీ వేగం తగ్గకపోతే దారి పక్కన తొక్కని మంచులోకి దిగు, అదే ఆపుతుంది. మరీ నిటారుగా ఉంటే అడ్డంగా నిలబడి మెట్టు మెట్టుగా దిగు. చేతికర్ర మాత్రం కాళ్ళ మధ్య పెట్టుకుని దాని మీద కూర్చోకు. మా తెలెమార్క్‌లో అలా దిగినవాళ్ళను ముసలితనం దాకా చీపురు మీద వచ్చిన మంత్రగత్తె అనే అంటారు.

ఇక పడటం గురించి. పడక తప్పదనిపిస్తే కొండవైపు పడు, లోయవైపు కాదు. లేచాక ఒళ్ళు దులుపుకునే ముందు నువ్వు చేసిన గుంటను పూడ్చు. స్కీతో చుట్టూ ఉన్న మంచు లోపలికి తోసి, తొక్కి, చదును చెయ్యి. వెనక వచ్చేవాడి స్కీ మొన ఆ గుంటలో దిగితే వాడి కాలు ఉండదు. పడినవాళ్ళు గుంట పూడ్చి కదలాలి. మా పిల్లలకు ఎక్కాల కంటే ముందు వచ్చిన పాఠం ఇది.

టపా తెచ్చే గ్రేగార్ ఈ ఉత్తరం కోసం వాకిట్లో నిలబడి ఉన్నాడు. "రన్‌వైగ్ అక్కా, నువ్వు కవరు అంటించేలోపు వసంతం వస్తది," అంటున్నాడు. "వసంతం వస్తే నీ బండి కూడా నడుస్తుందిలే," అన్నాను.

మీ నాన్నకు చెప్పొద్దన్నావు. చెప్పను. మీ నాన్నా నేనూ చెప్పుకునేది ఒక పోస్టుకార్డు వెనక పట్టేంత. క్రిస్మస్‌కు ఒకటి, నా పుట్టినరోజుకు ఒకటి. వాటిలో నీ రహస్యానికి చోటెక్కడ?

కమిలినచోట చన్నీళ్ళ గుడ్డ వేసుకో.

నీ నానమ్మ
రన్‌వైగ్


రౌలండ్, 3 మార్చి 1987

ఓస్నే తల్లీ,

ఈసారి నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుతూ మొదలుపెట్టాను. ఆ ఇరుకు దారిని పడకుండా దిగావని, వెనక మోకాలు దానంతట అదే వంగిందని రాసినచోట నాకు నేను చప్పట్లు కొట్టుకున్నాను. తర్వాతి పేజీ తిప్పాను.

నీ స్కీలు మీ నాన్న కంటబడ్డాయి. అరుస్తాడనుకుంటే అరవలేదు. వాటి అడుగున వేలు పెట్టి మైనం చూసి, గోడకు ఆనించి, "మా నాన్న పోయిన రోజున మైనం నేనే రాశాను," అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అసలేం జరిగింది నానమ్మా అని నన్ను అడిగావు.

ఊరు చెప్పుకునే కథ ముందు రాస్తాను. ముప్పై ఒక్కేళ్ళ కిందట ఈస్టర్ శనివారం, మీ తాత అస్లాక్ కొండ గుడిసె నుంచి దిగుతూ పడి చనిపోయాడు. పొద్దున స్కీలకు మైనం రాసింది పదిహేడేళ్ళ మీ నాన్న, హాల్వోర్. లోయలో ఎండ చూసి, తడిమంచుకు వాడే ఎర్ర మైనం రాశాడు. పైన రాత్రి పడిన చలిమంచు ఉంది. చలిమంచులో ఎర్ర మైనం జారదు, మంచును ముద్దలుగా పట్టుకుని స్కీని ఉన్నచోటే ఆపేస్తుంది. స్కీ ఆగింది, మనిషి ఆగలేదు. ఇదీ కథ. మొన్న కొట్లో ఇద్దరు రైతులు, స్కీలకు మంచు అంటుకుని విసుక్కుంటూ వచ్చిన మూడోవాణ్ణి చూసి, "ఏంటోయ్, హాల్వోర్ చేత రాయించుకున్నావా?" అన్నారు. నన్ను చూసి నోళ్ళు మూసుకున్నారు. నేను ఉప్పూ కాఫీగింజలూ కొనుక్కుని వచ్చేశాను. ముప్పై ఒక్కేళ్ళుగా కొనుక్కుని వచ్చేస్తూనే ఉన్నాను.

ఆ కథ అబద్ధం.

ఆ పొద్దున అస్లాక్‌కూ నాకూ మాటా మాటా వచ్చింది. రాత్రి కాళ్ళు పట్టేసి నేను మూలగడం విన్నాడు. "రన్‌వైగ్, నీకు నలభై నాలుగు. ఆ గండి దగ్గర అడ్డంగా నిలబడి మెట్లు దిగు, ఎవరూ నవ్వరు," అన్నాడు.

"నువ్వు దిగు మెట్లు. కింద నీకు కుర్చీ వేయించి ఉంచుతా," అన్నాను.

హాల్వోర్ వెనక ఉండి గుడిసె ఊడ్చి, కట్టెలు నింపి, తలుపు బిగించి వస్తానన్నాడు. ఆఖరున వదిలేవాళ్ళు చేయాల్సిన పని అది. నేను ముందు బయల్దేరాను. కాసేపటికి అస్లాక్. ఆకాశమూ మంచూ ఒకే రంగులో ఉన్నాయి. నీడ అనేదే లేదు. ఎత్తేదో పల్లమేదో పాదానికి తెలియాలి తప్ప కంటికి తెలియదు. గండిలో మలుపు తిరుగుతుండగా నా వెనక మోకాలు బిగుసుకుపోయింది, పడ్డాను. దెబ్బ తగల్లేదు. నడుము లోతు గుంట పడింది.

పైన అస్లాక్ ఈల వినిపించింది. అతను దిగేటప్పుడు ఎప్పుడూ ఈల వేసేవాడు. గుంట పూడ్చడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ అక్కడుంటే వీపు నిండా మంచుతో అతనికి దొరికిపోతాను. అతను ఏమీ అనేవాడు కాదు. పక్కన నిలబడి తనూ పూడ్చేవాడు. అది భరించలేననిపించింది. ఒళ్ళు దులుపుకుని కింది వంపు దాకా జారి, తాపీగా ఓ కమలాపండు ఒలుచుకుంటూ నిలబడ్డాను, ఎంతోసేపటి నుంచి చూస్తున్నదానిలా.

ఈల ఆగిపోయింది.

వెనక్కి ఎక్కాను. ఒక స్కీ మొన నా గుంటలో దిగబడి ఉంది. మనిషి దాని అవతల బండ మీద పడి ఉన్నాడు. ఇంకా తెలివిలోనే ఉన్నాడు. అతని రెండో స్కీ అడుగు నాకు ఎదురుగా ఉంది. నున్నగా ఉంది. ముద్ద కాదు కదా, మంచు రేణువు కూడా అంటుకుని లేదు. హాల్వోర్ మైనం సరిగ్గానే రాశాడు.

సాయం కోసం దిగాను. నలుగురు మనుషులతో, మంచు మీద లాగే స్లెడ్జితో ఎక్కేసరికి రెండు గంటలు పట్టింది. అప్పటికి హాల్వోర్ అక్కడికి చేరి తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అస్లాక్‌కు తెలివి లేదు. ఎలా జరిగిందని వాళ్ళు అడిగారు. నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు వాడన్నాడు, "మైనం నేను రాశాను. ఎర్రది."

నేను నోరు మూసుకున్నాను. ఊరందరి పిల్లలకూ గుంట పూడ్చమని నేర్పిన పంతులమ్మను కదా. చర్చి మలుపు చేరకముందే అస్లాక్ పోయాడు. ఆ తర్వాత చెప్పడానికి ప్రతిరోజూ వీలుంది. ప్రతిరోజూ వీలున్నదాన్ని ఏ రోజూ చెయ్యం. వాడు ఆ శరత్కాలంలోనే బెర్గెన్ వెళ్ళిపోయాడు. మళ్ళీ స్కీ తొడగలేదు.

ఈ ఉత్తరం నువ్వు చదివి మీ నాన్న చేతిలో పెట్టు. విడిగా వాడికి రాయడానికి మూడు కాగితాలు చించాను. నీకైతే రాయగలిగాను. ఇది కూడా పిరికితనమే, తెలుసు. నీకు నా మొహం చూడాలని లేకపోతే రాకు. దిగడం వచ్చేసింది గనుక ఇక నాతో పనేమీ లేదు.

రన్‌వైగ్


రౌలండ్, 26 ఏప్రిల్ 1987

ఓస్నే తల్లీ,

మీ నాన్న వచ్చి వెళ్ళాడు. అక్కడ నీకు ఏమీ చెప్పి ఉండడు. నాలుగు మాటలకు మించి మాట్లాడితే వాడికి జ్వరం వస్తుంది. అందుకని నేను రాస్తున్నాను.

ఈస్టర్ వెళ్ళిన గురువారం మధ్యాహ్నం బస్సుకు దిగాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు. వెనకనుంచి చూస్తే అస్లాక్ అనుకున్నాను, లోపలికి పోయి రెండు నిమిషాలు కట్టెల పొయ్యితో మాట్లాడి వచ్చాను. రొట్టె, గోధుమరంగు జున్ను పెట్టాను. తినలేదు. కోటు విప్పలేదు. జేబులోంచి నా ఉత్తరం తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది పిల్లకి రాశావు," అన్నాడు. "నాకు నోటితో చెప్పు."

చెప్పాను. ఉత్తరంలో నీట్‌గా వచ్చింది గాని నోటితో రాలేదు. బడిలో పాఠం రాని పిల్ల నిలబడ్డట్టు నిలబడి, ఆగి ఆగి చెప్పాను. కమలాపండు దగ్గర ఆగిపోతే, "ఊఁ, ఒలిచావు, తర్వాత?" అన్నాడు.

అంతా అయ్యాక వాడు అన్నది విను. "ఆ గుంట నేను చూశానమ్మా."

నాకు అర్థం కాలేదు.

"నేను చేరేసరికి నాన్న స్కీ ఇంకా అందులోనే ఉంది. ఆయనకంటే ముందు దిగింది నువ్వొక్కదానివే. ఎవరిదో తెలుసుకోవడానికి పంతులు కావాలా? నువ్వు మనుషుల్ని తెచ్చేలోపు స్కీ పీకి, గుంట పూడ్చాను. బాగా తొక్కాను. వాళ్ళ కంటపడకుండా."

"నన్ను కాపాడటానికా?" అన్నాను.

"అప్పుడు అందుకే. మైనం నేను రాశానని కూడా అందుకే అన్నాను." ఆగాడు. "అన్నాక నీ వైపు చూశాను. కాదంటావని. నా తప్పేమీ లేదని ఒక్క ముక్క అంటావని. నువ్వు వంగి స్లెడ్జి తాడు సరిచేశావు."

సరిచేశాను. ఆ తాడు బాగానే ఉంది.

"నాన్న పోయినందుకు నేను వెళ్ళిపోలేదు. ఆ తాడు సరిచేసినందుకు వెళ్ళిపోయాను," అన్నాడు.

తల్లీ, వాడు తప్పు చేశాననుకుని కుమిలిపోతున్నాడని ముప్పై ఒక్కేళ్ళు వాడి మీద జాలిపడ్డాను. వాడు నా నోటి నుంచి ఒక్క మాట కోసం కూర్చున్నాడు. వచ్చిన ప్రతి పోస్టుకార్డూ వెనక్కి తిప్పి చూసుకునేవాడట. వాతావరణం గురించి రాసి ఉండేదట.

ఇంకొకటి మిగిలింది. నీకు రాసిన ఉత్తరంలో కూడా దాచాను, ఎందుకంటే అది రాస్తే నా చేతి రాత నేనే చూడలేను. వాడికి చెప్పాను. నేను సాయానికి బయల్దేరబోతుంటే అస్లాక్ నా చెయ్యి పట్టుకుని మాట్లాడాడు. గుంట ఎవరిదని అడగలేదు. నొప్పి గురించి అనలేదు. "ముందు అది పూడ్చు రన్‌వైగ్. వెనక వాడొస్తున్నాడు," అన్నాడు. అదే ఆఖరు మాట. నేను పూడ్చలేదు. తొందరలో అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తొందర కాదు. పూడిస్తే ఆ గుంట నాదని ఒప్పుకున్నట్టే గనుక. కొడుకు అదే దారిన వస్తాడని తెలిసీ వదిలేసి దిగాను.

మీ నాన్న కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంటే, నాన్న చెప్పిన పనే చేశానన్నమాట నేను," అన్నాడు.

"అవున్రా."

"తప్పు కప్పిపెట్టాననుకున్నాను ఇన్నాళ్ళూ." రెండు చేతులతో మొహం మూసుకున్నాడు. వాడి ఏడుపుకు చప్పుడు ఉండదు, చిన్నప్పుడూ అంతే. దగ్గరికి వెళ్ళే హక్కు నాకుందో లేదో తెలియక బల్లకు ఇవతలే నిలబడ్డాను.

ఇవాళ ఆదివారం, చర్చి అయ్యాక కాఫీల దగ్గర నేను లేచి మొత్తం చెప్పేశాను, ఊరికి. గ్రేగార్ ఒక్కడే, "ఇదేదో ముందే చెప్పుంటే పోయేదిగా అక్కా," అన్నాడు. అవును, పోయేది. పక్క బల్ల దగ్గరివాళ్ళు నాకు కేకు జరపడం మరిచిపోయారు. సరిగ్గానే చేశారు.

మీ నాన్న గురువారం సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. క్షమించాననలేదు. నేనూ అడగలేదు. ఆ ప్రశ్న వేసే చోటు నాది కాదు. బస్సు మెట్టు మీద కాలు పెట్టి, "మళ్ళీ రమ్మంటావా?" అన్నాడు. రమ్మన్నాను. "చూస్తా," అన్నాడు.

మా ఊళ్ళో చూస్తానంటే రాడనే. బెర్గెన్‌లో దానికి ఏమర్థమో నాకు తెలియదు. నువ్వు అక్కడ పెరిగినదానివి. తెలిస్తే రాయి.

నానమ్మ