తొమ్మిదో ఊపు

నవంబర్ 3
స్ప్రింగుకు బరువు కట్టి, అడుగు భాగం తవుడు నూనెలో మునిగేలా దించాను. లాగి వదిలితే ఒక్కో ఊపూ తగ్గుతోంది — శక్తి నూనెకు చేరిపోతోంది. మా కోదాడ కాలేజీలో ఏ లెక్చరరు ఈ మాత్రం పని చేశారు! ఎనిమిది ఊపులు కొలిచాను. తొమ్మిదోది... మిర్యాలగూడ బస్సు పోతుందని కొలవకుండానే అంకె వేసేశాను. ల్యాబ్‌లో అందరూ చేసేదే.

నవంబర్ 5
మా హెడ్డు నర్సయ్య సార్: "రికార్డు జర ఇయ్యమ్మా, సూసి ఇస్త." ఇచ్చాను. సాయంత్రానికి తిరిగిచ్చాడు.

నవంబర్ 12
సూర్యాపేటలో లెక్చరర్ల ప్రదర్శన. నా స్ప్రింగు, నా నూనె జాడీ — పక్కన నర్సయ్య సార్ పేరు. మొదటి బహుమతి. శాలువా కప్పుకుని నాతో, "నువ్వు గూడ కష్టపడ్డవులే."

గూడనట! నాలుగు మిల్లులు తిరిగి ఆ నూనె తెచ్చింది ఎవరు? ఒళ్ళు మండిపోయింది.

నవంబర్ 13
అన్నం సయించలేదు.

నవంబర్ 15
ప్రదర్శనలో తీసిన ఆయన చార్టు ఫొటో పెద్దది చేసి చూశాను. నా పట్టికే, మక్కికి మక్కీ. ఎనిమిదో ఊపు 1.2 సెంటీమీటర్లు. తొమ్మిదోది 1.5! తగ్గాల్సింది పెరిగింది. ఆ తొందరలో నేను రాసిన తప్పు. న్యాయనిర్ణేతలకు భోజనాల తొందర, ఎవరూ చూడలేదు. దొరికాడు.

నవంబర్ 18
గెలిచినవాళ్ళకు పై పోటీ 24న, మిర్యాలగూడలో. నిండు సభలో అడుగుతాను — "సార్, తొమ్మిదో ఊపు ఎట్ల పెరిగింది?" అద్దం ముందు నాలుగుసార్లు అడిగి చూసుకున్నాను. ప్రాణానికి హాయిగా ఉంది.

నవంబర్ 21
ఒక్కటే చిక్కు. పట్టిక నాదని నిరూపించాలంటే రికార్డు చూపాలి. చూపితే కొలవకుండా రాశానని ఒప్పుకోవాలి. ఊరుకుంటే పని ఆయనదే అయిపోతుంది. రికార్డు సంచిలో పెట్టాను. తీశాను. పెట్టాను.

నవంబర్ 24, మధ్యాహ్నం
అడిగాను. హాలంతా చార్టు వైపు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎంత సంతోషమో!

చెమట తుడుచుకుని, మైకులోనే — "రీడింగులు తీసింది మా సుజాత మేడం. ఆమెనే చెప్తది."

ఇన్నాళ్ళకు నా పేరు చెప్పాడు.

న్యాయనిర్ణేతల్లో పెద్దాయన నా వైపు తిరిగి, "తొమ్మిదోది మీరే కొలిచారామ్మా? భోజనాలయ్యాక చెప్పండి."

ఇప్పుడు భోజనాల్లో నర్సయ్య సార్ ఎదురు బల్ల దగ్గర పులిహోర తింటున్నాడు, రెండోసారి పెట్టించుకుని. రికార్డు నా ఒళ్ళో ఉంది. రెండింటికి పిలుస్తారు.